కాలువ గట్టున దొరికిన సమాధానం

కళ్లంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో ఆకాశం వైపు చూడని రైతు గుంటూరు, ప్రకాశం సీమల్లో ఉండడు. మధ్యాహ్నం కాస్త మబ్బు పట్టినా ఇంటిల్లిపాదీ పట్టాలు చేతబట్టుకొని కళ్లానికి పరుగెత్తాల్సిందే. పత్తి తీసే వేళ రెండు రోజులు ముసురు పట్టిందంటే దూది రంగు మారుతుంది, ధర పడిపోతుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడి పూతంతా రాల్చేసిన సంగతి మనం ఇంకా మరచిపోలేదు. కౌలు చెల్లించాలి. పురుగుమందుల కొట్టులో బాకీ తీర్చాలి. ఆడపిల్ల పెళ్లికి తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుతూనే ఉంటుంది. ఆదివారం ఆరాధనలో మన పక్కన కూర్చున్నవారిలో ఎందరి గుండెల్లో ఈ లెక్కలు తిరుగుతుంటాయో ప్రభువుకే తెలుసు.

సాక్ష్యాల సమయంలో పంట బాగా పండినవారు లేచి దేవుణ్ణి స్తుతిస్తారు. అది మంచిదే. పంట పోయినవారు మాత్రం వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుంటారు. తమ విశ్వాసం తక్కువైనందుకే ఈ నష్టం వచ్చిందేమోనని లోలోపల కుమిలిపోతారు. కొన్నాళ్లకు ఆ వెనుక వరుస ఖాళీ అవుతుంది. వారు ఎందుకు రావడం లేదో అడిగేవారు తక్కువ. ఈ వారం మేము వారిని తలచుకుంటూ, ఇదే నేల మీద ఇంతకంటె పెద్ద భయాన్ని చూసిన ఒక దైవజనుని జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ. మన తాతముత్తాతల నోట క్లౌ దొర.

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. అయోవా రాష్ట్రంలో పెరిగారు. కుర్రతనంలోనే మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వేయర్ల జట్టులో చేరి గొలుసులు పట్టి భూములు కొలిచారు. న్యాయవాది కావాలన్నది ఆనాటి ఆయన కోరిక. భక్తి విషయాల మీద పెద్దగా ఆసక్తి లేని యువకుడు. చదువు కోసం చేరిన కళాశాలలో ప్రభువు ఆయన మనసును తిప్పాడు. ఆ పిలుపు చివరకు ఆయనను సముద్రం దాటించింది. భార్య హ్యారియెట్ గారితో కలిసి 1864 చివర ఓడ ఎక్కి, 1865లో మద్రాసు చేరి, అక్కడినుండి నెల్లూరు వచ్చారు. భూమి కొలిచే విద్య తనకు తెలుగు దేశంలో ఎందుకు పనికొస్తుందో ఆనాడు ఆయనకు తెలియదు. పన్నెండేళ్ల తరువాత తెలిసింది.

ఆయన రాకముందు నెల్లూరు బాప్టిస్టు మిషన్ పరిస్థితి చెప్పుకోదగినట్టు లేదు. ఎన్నో ఏళ్ల ప్రయాసకు కనబడిన ఫలం చాలా స్వల్పం. ఈ పనిని మూసివేయాలా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి మోకరించారు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఐదుగురే ఐదుగురు. ఆ ప్రార్థనకు జవాబు కనబడటానికి పన్నెండేళ్లు పట్టింది. 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలుకు కాపురం వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోని ఒక ఊరు. ప్రకాశం జిల్లా ఏర్పడింది చాలా తరువాత, 1970లో.

ఆ తొలి రోజుల్లోనే క్లౌ గారికి ఒక పరీక్ష ఎదురైంది. ఊరిలోని అగ్రవర్ణాల యువకులు కొందరు ఆయన బోధకు చెవి ఒగ్గుతున్నారు. అదే సమయంలో పడమటి పల్లెల నుండి మాదిగ కులస్థులు వచ్చి క్రీస్తును అంగీకరిస్తామంటున్నారు. వీరిని చేర్చుకుంటే మేము రామని మొదటివారు తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయన ఆందోళన చెందారు. ఆ సాయంకాలం ఆయన బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయం చివరి భాగం కనబడింది. లోకం తక్కువగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. వేరే గదిలో ఉన్న హ్యారియెట్ గారు కూడా అదే వేళకు అదే భాగాన్ని చదివారని ఆయన తరువాత తెలుసుకున్నారు. ఇక వెనక్కి చూడలేదు. వచ్చేవారు ఎవరైనా, ప్రభువు పంపినవారే అనుకున్నారు.

ఆ వచ్చినవారిలో మొదట చెప్పవలసిన పేరు యర్రగుంట్ల పేరయ్య గారిది. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు ప్రాంతానికి వెళ్లినప్పుడు ఆయన మొదటిసారి క్రీస్తును గురించి విన్నారు. అంతకుముందు మనసుకు సమాధానం వెదుకుతూ యోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది, ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి. వెదికినది క్రీస్తులో దొరికిందని గ్రహించాక ఇంట్లో ఊరుకోలేకపోయారు. ఆయన, భార్య నాగమ్మ గారు 1866లో బాప్తిస్మం పొందారు. తిరిగి తమ తాళ్లకొండపాడుకు వెళ్లి చుట్టుపక్కల పల్లెలకు సువార్త చెప్పారు. 1867 జనవరిలో క్లౌ గారు ఆ ఊరి దగ్గర గుడారం వేస్తే, కొద్దిరోజుల్లోనే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన ప్రాంతపు సంఘాల చరిత్రలో దొర పేరు ముందు వినబడుతుంది గాని, ఆ పల్లెల్లో నాగలి పట్టి దున్నినది పేరయ్య గారి వంటి తెలుగు బోధకులే.

విశ్వాసంలోకి వచ్చినవారికి క్లౌ గారు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కాని ఊరి కట్టుబాటంతా వాటితో కదిలింది. జాతరలో డప్పు కొట్టబోమని చెప్పినందుకు కరణాలకు, మునసబులకు కోపం వచ్చింది. కొన్ని పల్లెల్లో నీళ్లు తోడుకోనివ్వలేదు. చాకలి రావడం మానేశాడు. కళ్లంలో వచ్చే గింజలు ఆగిపోయాయి. కొందరిని ఏదో నెపం మీద ఠాణాకు పంపారు. ఊరి మీదే బతికే పేదవాడికి ఊరు వద్దంటే ఏమి మిగులుతుంది? అయినా వారు నిలబడ్డారు. భయం లేక కాదు. భయంకంటె బలమైనది ఒకటి లోపల చేరింది కనుక.

పదేళ్లు గడిచాయి. ఒంగోలు సంఘంలో సభ్యులు మూడు వేలు దాటారు. అప్పుడు వచ్చింది పెద్ద కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. 1876లో వానలు తప్పాయి. 1877లోనూ చాలాకాలం ఆకాశం కరుణించలేదు. చెరువులు ఎండాయి. మొదట పశువులు పోయాయి, ఆ తరువాత మనుషులు. గింజలున్న కొట్టు ముందు నిలబడి కొనలేక చచ్చిపోయినవారు ఎందరో. ఆకలి వెంట కలరా, మశూచి వచ్చాయి. మద్రాసు రాజధాని అంతటా లక్షలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. మాదిగ పల్లెల్లో పరిస్థితి అందరికంటె ఘోరం. వారికి సొంత పొలం లేదు, నిల్వ గింజలు లేవు. కూలి ఇచ్చే రైతు దగ్గరే ఏమీ లేదు.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ప్రభుత్వం కరువు పనిగా తీరం వెంబడి కాలువ తవ్వించడం మొదలుపెట్టింది. నేడు మనం బకింగ్‌హామ్ కాలువ అని పిలిచేది అదే. పనికి వెళ్లినవారికి కూలి దొరికేది గాని, పేద కులాలవారికి చాలా చోట్ల మేస్త్రీల చేతిలో దెబ్బలు, కూలిలో కోతలు తప్పలేదు. అందుకని వారు పనికి వెళ్లడానికే భయపడ్డారు. క్లౌ గారు ఒక నిర్ణయం తీసుకున్నారు. కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. అడవుల్లో గొలుసు పట్టిన పాత విద్య ఇప్పుడు అక్కరకు వచ్చింది. మట్టి కొలతలు, లోతులు, లెక్కలు ఆయనే చూసుకున్నారు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించి, తాగునీటికి బావులు తవ్వించి, వేల మందికి పని కల్పించారు.

ఆ శిబిరాన్ని ఒకసారి ఊహించుకోండి. మగవారు పలుగు, పారలతో తవ్వుతున్నారు. స్త్రీలు తట్టలతో మట్టి మోస్తున్నారు. వచ్చినవారిలో అన్ని కులాలవారూ ఉన్నారు. కొందరు ఎన్నో రోజులు నడిచి వచ్చి, పార ఎత్తే ఓపిక కూడా లేక గట్టు మీదే కూలబడుతున్నారు. మధ్యాహ్నం పని ఆపి నీడన కూర్చున్నప్పుడు బోధకులు వారి మధ్యకు వెళ్లి కూర్చునేవారు. పెద్ద ప్రసంగాలు లేవు. మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనాన్ని పదే పదే చెప్పేవారు. ప్రయాసపడేవారిని, భారం మోసేవారిని ప్రభువు తన దగ్గరకు పిలిచి విశ్రాంతి ఇస్తానన్న వాగ్దానం అది. అది మేడలో కూర్చుని విన్న మాట కాదు. తట్ట దించి, చేతుల బొబ్బలు చూసుకుంటూ విన్న మాట. ఆ వచనం వారి భాషలో, వారి ఒంట్లో అర్థమైంది. రేపు తిండి దొరుకుతుందో లేదో తెలియని మనిషిని పేరుపెట్టి పిలిచేవాడు ఒకడున్నాడని వారు మొదటిసారి విన్నారు.

చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇక్కడే క్లౌ గారి జీవితంలో మనం ఆగి ఆలోచించవలసిన సంగతి ఉంది. ఆయన కాదన్నారు. కూలి ఇచ్చేది తానే, గింజలు పంచేది తానే. ఆ చేతితోనే బాప్తిస్మం ఇస్తే అన్నం కోసం వచ్చారని లోకం అంటుంది. అంతకంటె ముఖ్యంగా, వచ్చినవారికే తమ మనసు తమకు తెలియకుండా పోతుంది. అందుకని 1877 మార్చి నుండి పదిహేను నెలలు బాప్తిస్మాలు నిలిపివేశారు. సంఖ్యలు చూపించుకోవాలనుకునే సేవకుడికి ఇది సాధ్యమయ్యే పని కాదు. పంట దేవునిదని నమ్మినవాడే కోత ఆపుకొని కూర్చోగలడు. ఆకలి శిబిరం మధ్యలో ఆయన హృదయంలో ఉన్న సమాధానానికి ఇదే ఆనవాలని మేము అనుకుంటున్నాం.

1878 జూన్ నాటికి సహాయ నిధులు అయిపోయాయి. ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని, ఎవరూ రావద్దని క్లౌ గారు పల్లెలకు కబురు పంపారు. అయినా జనం బయలుదేరారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర వేలమంది గుమిగూడారు. ఆయన వెళ్లి తిరిగి వెళ్లిపొమ్మని నచ్చజెప్పారు. వారు కదల్లేదు. తమకు సహాయం అక్కరలేదని, పని చేసి బతికినవారమని, బొబ్బలెక్కిన తమ చేతులే దానికి సాక్ష్యమని చెప్పుకున్నారు. వచ్చే పంట కూడా పోతే చావు తప్పదని వారికి తెలుసు. ఆ చావు వచ్చేసరికి క్రీస్తువారమై ఉండాలన్నదే వారి మనవి.

క్లౌ గారు ఇక అడ్డు చెప్పలేకపోయారు. బోధకులు ఒక్కొక్కరిని విచారించి, తమకు తెలిసినవారినే, నమ్మకం కుదిరినవారినే ఎంపిక చేశారు. జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం పొందారు. జూలై 3న పొద్దున్నే ఆరు గంటలకు మొదలుపెట్టి, ఎండవేళ ఆపి, మళ్లీ సాయంత్రం వరకు కొనసాగించారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగారు. ఆ రోజు క్లౌ గారు స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ ఏడాది ముగిసేసరికి ఈ సంఖ్య తొమ్మిదివేల ఆరు వందలు దాటింది.

మన పిల్లలను బడిలో, పనిచోట ఒక మాట గుచ్చుతూ ఉంటుంది. మీ పెద్దలు గింజల కోసం మతం మారారన్నది ఆ మాట. దానికి కోపంతో జవాబు చెప్పనక్కరలేదు. తేదీలు చెబితే చాలు. గింజలు పంచిన పదిహేను నెలలూ తలుపు మూసి ఉంది. గింజలు అయిపోయాక, ఇక రావద్దని చెప్పాక, వారు వచ్చారు. అయితే ఒక మాట ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. కరువులో తమతో నిలబడినవారు ఎవరో ఆ ప్రజలు చూశారు. ఆ ప్రేమను చూసి ఆ ప్రేమకు మూలమైనవాని దగ్గరకు వచ్చారు. తనను ఎవరు ప్రేమించారో గుర్తుపట్టడం పేదవాని నేరం కాదు.

క్లౌ గారి తరువాతి జీవితం అంతా వెలుగే కాదు. ఒకేసారి అంతమందిని చేర్చుకోవడాన్ని తోటి సేవకుల్లో, స్వదేశపు పెద్దల్లో కొందరు అనుమానించారు. వేలమంది కొత్త విశ్వాసులకు చదువు చెప్పడం, కాపరులను తయారుచేయడం ఏళ్ల తరబడి భారమైంది. 1893లో హ్యారియెట్ గారు కన్నుమూశారు. ఆ తరువాత ఎమ్మా రౌషెన్‌బుష్ గారు ఆయనకు తోడుగా వచ్చి, ఈ పల్లెల కథలను పుస్తకాలుగా లోకానికి అందించారు. సుమారు నలభై ఐదేళ్లు తెలుగువారి మధ్య గడిపిన క్లౌ గారు 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టరులో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, ఈ జీవితంలో మనకు కనబడేది ఏమిటి? గుండ్లకమ్మ ఒడ్డున నిలబడినవారికి సమాధానం కరువు తీరాక రాలేదు. వచ్చే పంట పండుతుందని వారికి ఎవరూ మాట ఇవ్వలేదు. ప్రభువును నమ్మితే వాన పడుతుందని క్లౌ గారు బోధించలేదు. వాన పడినా పడకపోయినా మీరు ఒంటరివారు కారని మాత్రమే చెప్పారు, ఆ మాటను నిజం చేయడానికి వారితో కాలువ గట్టున కాపురం ఉన్నారు. మన వేదికల మీద ఇప్పుడు వినబడే మాటలు కొన్ని వేరుగా ఉంటున్నాయి. కానుక వేస్తే పంట పండుతుందని, విశ్వాసం ఉంటే ధర పెరుగుతుందని చెబుతుంటే పంట పోయినవాడికి సంఘంలో చోటెక్కడ? అతని నష్టానికి తోడు పాపి అన్న ముద్ర కూడా వేసి ఇంటికి పంపుతున్నామా? ఈ ప్రశ్న మమ్మల్ని మేము కూడా అడుగుతున్నాం.

వెనుక వరుసలో కూర్చున్న సోదరుని గురించి ఒక్క మాట. రెండు ఆదివారాలు అతడు కనబడకపోతే మూడో ఆదివారం కోసం ఎదురుచూడకండి. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లండి. ఉపదేశం తరువాత, ముందు అతని పక్కన మంచం మీద కూర్చోండి. అప్పుల లెక్క కాగితం మీద పెట్టడానికి తోడుండండి. బ్యాంకుకో, వ్యవసాయ అధికారి దగ్గరకో కలిసి వెళ్లండి. చనిపోవాలన్న మాట అతని నోట వస్తే తేలికగా తీసుకోవద్దు. ఇంట్లోని పురుగుమందు డబ్బాలు దూరంగా తీయించండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. క్లౌ గారు పార అందించి వచనం చెప్పినట్టే, మన చేతి సాయం, మన ప్రార్థన ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలి.

ఇక ఆ సోదరునికి, ఆ సోదరికి మా మాట. పంట పోయినందుకు మీరు దేవునికి దూరమైనవారు కారు. మీకు ముందు ఈ నేల మీదే, ఇంతకంటె ఖాళీ చేతులతో, బొబ్బలెక్కిన అరచేతులు తప్ప చూపించడానికి ఏమీ లేనివారు ప్రభువు దగ్గరకు వచ్చారు. ఆయన వారిని తోసివేయలేదు. వచ్చే ఆదివారం రండి. వెనుక వరుస అయినా ఫరవాలేదు. సాక్ష్యం చెప్పడానికి పంట లేకపోయినా ఫరవాలేదు. మీరు నిలబడి నాకు భయంగా ఉంది, నా కోసం ప్రార్థించండి అని చెప్పినా అది సాక్ష్యమే.

లోకం ఇవ్వలేని సమాధానాన్ని ప్రభువైన యేసుక్రీస్తు మన కళ్లాల్లో, మన ఇళ్లల్లో, మన సంఘాల్లో సమృద్ధిగా అనుగ్రహించును గాక. ఆమేన్.